బద్ధకమని పేరు పెట్టకండి

ఏప్రిల్ ఆఖరి వారం. కోంటాలో సంత రోజు. ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు కానీ కాళ్ళ కింద మట్టి అప్పుడే కాలుతోంది. చింతూరు మీదుగా వచ్చి మీరు ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెట్టారు. షాపుల బోర్డుల మీద హిందీ, జనం నోట తెలుగు. ఆ తెలుగులో కోయ మాట, దోర్లీ మాట, హల్బీ మాట కలిసిపోతున్నాయి. పాత బస్తర్ సంస్థానానికి ఇది దక్షిణపు కొస. 2012 నుంచి సుక్మా జిల్లా. శబరి పక్కనే పారుతోంది.

గోనెపట్టాలు పరుచుకుని నేల మీద కూర్చున్నవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ఎండిన ఇప్పపూల కుప్పలు తియ్యగా, కాస్త పులిసిన వాసన కొడుతున్నాయి. చింతపండు ముద్దలు, సారపప్పు, ఎండుచేపలు, పూసల దండలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. వాటి మధ్య మూతి మడిచి నిలబెట్టిన ఒక ఉప్పు సంచి. దొడ్డుప్పు. బూడిదరంగు గల్లులు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అమ్మేవాడు డబ్బాతో కొలిచి కొంగుల్లో పోస్తున్నాడు.

ఈ సంచి దగ్గర కాసేపు ఆగండి. బస్తర్ అడవుల్లో ఉప్పు పుట్టదు. ఒకప్పుడు బంజారాలు ఎద్దుల మీద వేసుకుని సముద్ర తీరం నుంచి కనుమలెక్కి తెచ్చేవారు. రాకుండా కుదరని సరుకు కనుక, తెచ్చినవాడు చెప్పిందే ధర. కిలో సారపప్పుకు కిలో ఉప్పు. ఊళ్ళో స్వీట్ల మీద చల్లుకునే ఆ పప్పుకు బయట ఎంత పలుకుతుందో అడవిలో ఏరినవాళ్ళకు తెలియదు. తెలిసినా ఉప్పు లేనిదే కూడు దిగదు. బస్తర్‌లో గిరిజనుల మీద సాగిన దోపిడీ గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ మారకం సంగతే ఎత్తుతారు.

దోపిడీలో కనిపించిన భాగం అది. కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. ఏటా దంచికొట్టే వానలు ఈ కొండవాలుల మట్టిలోంచి అయోడిన్‌ను కడిగి వాగుల్లో కలిపేస్తాయి. మట్టిలో లేనిది వరిలో ఉండదు, కొర్రల్లో ఉండదు, చెరువు నీళ్ళలో ఉండదు, ఆ గడ్డి తిన్న మేక మాంసంలోనూ ఉండదు. వానాకాలంలో ఇష్టంగా వండుకునే వెదురు కొమ్ముల్లో, సరిగా ఉడికించకపోతే, ఉన్న కొద్దిపాటి అయోడిన్‌నీ గొంతులోని థైరాయిడ్ గ్రంథికి అందనివ్వని పదార్థం ఉంటుంది. ఎద్దుల మీద వచ్చిన మామూలు ఉప్పుతో రుచి తీరింది కానీ ఈ లోటు తీరలేదు. సముద్రపు ఉప్పులో కూడా, విడిగా కలిపితే తప్ప, అయోడిన్ లెక్కలోకి రానంత తక్కువ.

సంచి దగ్గరికి ఒకామె వచ్చింది. నీలంచీర, భుజానికి గుడ్డసంచి. ఆమె మితానిన్. మన దగ్గర ఆశా కార్యకర్త ఎలాగో ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మితానిన్ అలా. ఇంకా చెప్పాలంటే 2002లో ఇక్కడ మొదలైన ఈ పద్ధతిని చూశాకే 2005లో దేశమంతటా ఆశాలు వచ్చారు. సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసింది. చిటికెడు దొడ్డుప్పు పలకరాయి మీద నలిపి, దాని మీద ఒక చుక్క వేసింది. మీరు వంగి చూడండి. చుక్క తెల్లగానే ఇంకిపోయింది. ఇప్పుడు రేషన్ షాపు ప్యాకెట్‌లోంచి చిటికెడు తీసి అదే చుక్క వేసింది. కళ్ళ ముందే ఉప్పు వంకాయరంగుకు తిరిగింది. రంగు ఎంత ముదిరితే అయోడిన్ అంత ఉన్నట్టు.

"ఇది దేనికి తెచ్చినవ్ అన్నా?" అని అమ్మేవాణ్ణి అడిగింది.

"పశువులకు, చేపలు ఎండబెట్టుకోవడానికమ్మా. కూరలోకి అని నేను చెప్పలే."

నిజమే, చెప్పలేదు. అయోడిన్ కలపని ఉప్పును మనుషులు తినడానికి అమ్మకూడదన్న నిషేధం 2006 మే 17 నుంచి దేశమంతా అమల్లో ఉంది. ఇంటికి చేరేసరికి ఉప్పులో పది లక్షల పాళ్ళకు కనీసం 15 పాళ్ళు అయోడిన్ ఉండాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'అమృత్ నమక్' పేరుతో పేద కుటుంబాలకు కిలో 25 పైసలకే అయోడిన్ ఉప్పు ఇచ్చింది. తర్వాత ఉచితం చేసింది. కిలో సారపప్పు పోసి కొన్న ఉప్పు పావలాకు వచ్చిందంటే ఈ నేల మీద అది చిన్న న్యాయం కాదు. అయినా దొడ్డుప్పు అలవాటు పోలేదు. గల్లుల్ని కడిగి కూరలో వేస్తే గానీ కొందరికి తృప్తి ఉండదు. ఆ కడగడంలోనే, ఉన్న కాస్త అయోడిన్ కూడా పోతుంది. ప్యాకెట్ ఉప్పును సైతం పొయ్యి పక్కన మూత లేని చిప్పలో పోసి ఉంచుతారు. వేడికీ చెమ్మకూ అందులోది కూడా తగ్గిపోతుంది.

మితానిన్ వెంట ఊళ్ళోకి నడవండి. దారికి రెండు పక్కలా తునికి పొదలు. చిగురు ముదిరి బీడీ ఆకు కోతకు వచ్చింది. ఊరంతా కోతలోనే ఉంది. ఒక ఇంట్లో మాత్రం మనిషి అలికిడి వినిపిస్తోంది.

ఆ ఇంటామె పేరు చెప్పను. ఆమె ఒక్క మనిషి కాదు. ఈ జబ్బు పడ్డ ఆడవాళ్ళకు సాధారణంగా ఏమవుతుందో అదంతా ఒక గుమ్మంలో కూర్చోబెట్టి చూపిస్తున్నాను. ముప్పై దాటిన వయసు. ఇంత ఎండలో భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుంది. ముఖం ఉబ్బి, కళ్ళ కింద నీరు దిగినట్టుంది. మోచేతుల మీద చర్మం పొట్టు రాలుతోంది. కనుబొమ్మల చివర్లు పలచబడ్డాయి.

"అక్కా, ఆకుకు పోలేదా?"

జవాబు రావడానికి కాసేపు పట్టింది. గొంతు బొంగురుగా, నెమ్మదిగా ఉంది. "పోదామనే లేచిన. మల్ల కూచున్న."

అత్త లోపలి నుంచి అందుకుంది. "కూచునుడే దాని పని. పెళ్ళైన కొత్తలో అందరికంటే ముందు అడవికి పోయేది. ఇప్పుడు పిలిస్తే పలకదు. ఏడిస్తే ఏడుస్తది, లేకపోతే పడుకుంటది. పూజారి వడ్డెను పిలిచి కోడిని కోసినం. పట్టింది వదల్లే."

అత్త చెడ్డమనిషి కాదు. తను చూసింది చెప్పింది. ఇంటాయన సంగతీ అంతే. మాట మరిచిపోతుందనీ, పొయ్యి మీద గంజి మాడిపోయిందనీ, రాత్రి దగ్గరికి వెళితే అటు తిరుగుతుందనీ అతని బాధ. తాగి వచ్చి రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. మర్నాడు తనే తల పట్టుకున్నాడు. చిన్న పిల్ల బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకు తిరుగుతోంది.

ఆమె ముందు తునికాకు కట్టలు కొన్ని ఉన్నాయి. మితానిన్ ఒక కట్ట విప్పి లెక్కపెట్టింది. కట్టకు 50 ఆకులుండాలి. ఇందులో 43. ఇంకో దాంట్లో 56.

"ముప్పై దాటినాక లెక్క పోతది," అని ఆమె తల దించుకుంది. "మల్ల మొదట్నుంచి పెడత. మల్ల పోతది. నా తలకాయ చెడిపోయింది చెల్లె."

ఈ మాట విన్నాక మీకు తెలుస్తుంది, జీవన నాణ్యత అని వైద్యులు అనేది ఎక్కడ తెగిపోతుందో. ఛత్తీస్‌గఢ్‌లో 2024 నుంచి తునికాకు వెయ్యి కట్టల సంచికి 5,500 రూపాయలు. కట్టకు ఐదున్నర. కల్లం దగ్గర ఆకులు తక్కువున్న కట్టను పక్కన పడేస్తారు. ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులొచ్చే ఆ కొద్ది రోజుల్లో లెక్క తప్పే మనిషికి ఇంట్లో గౌరవం ఏం మిగులుతుంది? అంతకంటే ముందు తన మీద తనకు నమ్మకం ఎక్కడ మిగులుతుంది?

మితానిన్ చెంబుతో నీళ్ళిచ్చి, తల కాస్త పైకెత్తి మింగమంది. మీరు ఆమె మెడ వైపు చూడండి. గుటక పడినప్పుడు గొంతు కింది భాగంలో చిన్న ఉబ్బు పైకి లేచి మళ్ళీ దిగింది. గుటకతో పాటు కదిలే వాపు సాధారణంగా థైరాయిడ్ గ్రంథిదే.

దేశంలో సర్వే చేసిన 414 జిల్లాల్లో 337 జిల్లాలు అయోడిన్ లోపం ఉన్నవేనని కేంద్ర ఆరోగ్యశాఖ లెక్క. ఒక్క రాష్ట్రం కూడా దీన్నుంచి తప్పించుకోలేదు. గొంతు వాపు పైకి కనిపిస్తుంది కనుక అందరూ దాన్నే జబ్బనుకున్నారు. అసలు జబ్బు లోపల ఉంటుంది. థైరాయిడ్ తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోన్‌లో ప్రతి అణువుకూ నాలుగు అయోడిన్ పరమాణువులు కావాలి. అవి అందకపోతే హార్మోన్ తగ్గుతుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి దాన్ని పసిగట్టి, ఇంకా పనిచెయ్యమంటూ టీఎస్‌హెచ్ అనే మరో హార్మోన్‌ను పంపుతుంది. ఆ ఒత్తిడికి థైరాయిడ్ ఉబ్బుతుంది. కొందరిలో అలా ఉబ్బి ఎలాగో పని నెట్టుకొస్తుంది. కొందరిలో ఉబ్బినా ఫలితం ఉండదు.

అప్పుడు ఒళ్ళంతా తడికట్టెలు పెట్టిన పొయ్యి అయిపోతుంది; ఆరిపోదు, అలాగని మండదు. గుండె నెమ్మదిస్తుంది, పేగు నెమ్మదిస్తుంది, ఎండలోనూ చలి వేస్తుంది. మెదడు కూడా ఒంట్లో భాగమే కదా! థైరాక్సిన్‌ను మెదడు తన లోపలే మరింత చురుకైన రూపానికి మార్చుకుని వాడుకుంటుంది. సరుకు తగ్గేసరికి ఆలోచన మందగిస్తుంది, జ్ఞాపకం జారుతుంది, ఇష్టమైన దాని మీద ఇష్టం చస్తుంది. ఎందుకు ఏడుస్తోందో తెలియని ఏడుపు మొదలవుతుంది. ముట్టు రక్తం ఎక్కువ పోతుంది, దాంతో రక్తహీనత. ఒంట్లో ఇనుము తగ్గితే థైరాయిడ్ పని మరింత కుంటుపడుతుంది. ఒకదాన్నొకటి లాక్కుపోయే ఈ వరస మధ్యలో కూర్చున్న మనిషిని మనం బద్ధకస్తురాలంటాం.

1949లో లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ పద్నాలుగు మంది రోగుల గురించి రాశాడు. వాళ్ళందరూ పిచ్చివాళ్ళుగా ముద్రపడ్డవాళ్ళు. వాళ్ళకు కొరవడింది థైరాయిడ్ హార్మోన్ అని గుర్తించి అదే ఇస్తే ఎక్కువమంది తేరుకున్నారు. మనసుకు వచ్చిందనుకున్న జబ్బు గొంతులోంచి రావచ్చని వైద్యలోకానికి అప్పుడు గట్టిగా తెలిసింది. ఆ సంగతి కోంటా దాకా రావడానికే ఇంకా ఆలస్యమవుతోంది.

ఎందుకంటే ఈ నేలలో ఆడమనిషి మౌనానికి కారణాలు వెతకనక్కర్లేదు, చుట్టూ ఉన్నాయి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఈ కోంటా ప్రాంతంలోనే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాల్లోకి, వేలమంది రాష్ట్ర సరిహద్దు దాటి మన భద్రాచలం, చింతూరు అడవుల్లోకి వచ్చారు. మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు, కాలిన ఇళ్ళు. కనుక మాట్లాడని ఆడదాన్ని చూస్తే వడ్డె దయ్యమంటాడు, అత్త ఒళ్ళు బరువంటుంది, చదువుకున్నవాడు యుద్ధం మిగిల్చిన దుఃఖమంటాడు. ముగ్గురి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంది. సిద్ధంగా జవాబున్న చోట రక్తపరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? దుఃఖం నిజమే కావచ్చు. దాని కింద గ్రంథి కూడా చెడి ఉండవచ్చు. రెండూ ఉన్నప్పుడు రెండింటికీ వైద్యం చేయాలి. ఒకటి కనిపించింది కదా అని రెండోదాన్ని వదిలేసే హక్కు మనకు లేదు.

మితానిన్ ఆమెను బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చేతి నరం దొరకడానికి నర్సుకు కాస్త సమయం పట్టింది. సీసాలోకి ఎర్రగా దిగిన ఆ కొద్దిపాటి రక్తాన్ని చూసి ఆమె భయపడలేదు, ఆశపడనూ లేదు. ఆ చూపు గుర్తుపెట్టుకోండి. డిప్రెషన్ అంటే ఎప్పుడూ కన్నీళ్ళే కావు, ఏ కబురొచ్చినా తనకు సంబంధం లేనట్టుండడం కూడా. రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ నాలుగు లోపు ఉండాల్సింది అరవై దాటింది.

డాక్టర్ ఇంటాయన్ని ముందు కూర్చోబెట్టి చెప్పాడు. "చూడు తమ్ముడూ, మీ ఆమెకు పట్టింది దయ్యం కాదు. బద్ధకం కాదు. గొంతులో ఉండే గ్రంథి పనిచెయ్యట్లేదు. రోజూ పొద్దున పరగడుపున ఈ మాత్ర నీళ్ళతో వెయ్యాలి. అరగంట దాకా టీ గానీ గంజి గానీ వద్దు. ఐరన్ మాత్ర దీంతో కలిపి వెయ్యకండి, నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఆరు వారాలకు మళ్ళీ రక్తం చూద్దాం. బాగైందని మీ అంతట మీరు ఆపొద్దు."

"మాత్రతో తలకాయ బాగైతదా సారూ?"

"నెమ్మదిగా. ఒళ్ళు ముందు, మనసు తర్వాత."

అదే వరస. మొదటి వారాల్లో కాలు చేతుల చల్లదనం తగ్గుతుంది, మలబద్ధకం పోతుంది, ముఖంలో నీరు దిగుతుంది. లెక్క, జ్ఞాపకం, నవ్వు ఆలస్యంగా వస్తాయి, నెలలు పట్టొచ్చు. కొందరికి టీఎస్‌హెచ్ దారికొచ్చినా దిగులు పూర్తిగా వదలదు. వాళ్ళకు మానసిక వైద్యం విడిగా కావాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ దగ్గర సేంద్రీలో ఉంది. కోంటా నుంచి అక్కడికి వెళ్ళాలంటే రాష్ట్రం దక్షిణపు కొస నుంచి ఉత్తరం వైపు చాలా దూరం ప్రయాణం. అందుకే 2022 అక్టోబర్‌లో కేంద్రం ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416ను ఇంటింటా గోడమీద రాసినా తప్పులేదు. తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చెడిపోయిన గ్రంథి అయోడిన్ ఉప్పు తిన్నంత మాత్రాన బాగుపడదు; మాత్ర కావాలి. అయోడిన్ చాలినంత తినే పట్నాల్లో కూడా థైరాయిడ్ చెడుతుంది. ఒంటి రోగనిరోధక శక్తే తన గ్రంథి మీద తిరగబడితే అలా అవుతుంది. దిగులున్న ప్రతివాళ్ళకూ థైరాయిడ్ జబ్బు ఉండదు, గొంతు వాపున్న ప్రతివాళ్ళకూ హార్మోన్ తగ్గదు. ఉప్పు చేసే మేలు రాబోయే వాళ్ళకు. ముఖ్యంగా కడుపులో బిడ్డకు.

మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకు సొంత థైరాక్సిన్ లేదు. దాని మెదడు తల్లి హార్మోన్‌తోనే కట్టుబడుతుంది. తల్లికి తక్కువైతే బిడ్డ మెదడుకు జరిగిన నష్టాన్ని తర్వాత ఏ మాత్రా పూడ్చలేదు. మరీ తీవ్రమైతే పొట్టిగా, చెవుడుతో, బుద్ధి ఎదగక మిగిలిపోతారు. అంత తీవ్రం కాకపోయినా లెక్కలు రానివాడని బడిలో చివరి బెంచీకి నెట్టే పిల్లాడి వెనక ఈ లోటు ఉండవచ్చు. పెద్దలకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. డెబ్బై ఏళ్ళ బతుక్కి మొత్తం లెక్కేసినా నాలుగు గ్రాములు నిండదు.

ఆ నాలుగు గ్రాములు ఉప్పులో కలిపి ఇంటింటికీ చేర్చవచ్చని మన దేశానికి రుజువు చేసినవారిలో ముందు నిలిచింది మన తెలుగువాడే. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. ఆయన బృందం 1956లో హిమాచల్ కొండల్లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసింది. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. మొదట్లో అక్కడ ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి గొంతు వాపు. 1962 నాటికి అయోడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా వాపు బాగా తగ్గింది, మూడో చోట అలాగే ఉంది. అప్పుడు మూడో భాగానికీ ఆ ఉప్పే ఇచ్చారు. ఆ ఏడాదే జాతీయ గాయిటర్ (గొంతు వాపు) నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1992లో దాని పేరు అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మారింది. మెడ మీద కనిపించే వాపే కాదు, మెదడుకు జరిగే కనిపించని నష్టమే అసలు సమస్య అని ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది.

ఆ ఒప్పుకోలు ఊరిదాకా రావాలి. గర్భిణి మొదటిసారి ఆసుపత్రికి వచ్చిన రోజే థైరాయిడ్ పరీక్ష జరగాలి. పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసే రక్తపుచుక్క పరీక్ష పెద్దాసుపత్రుల్లోనే కాదు, లోపలి కేంద్రాల్లోనూ జరగాలి. లోపం దొరికిన బిడ్డకు మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే మెదడు దక్కుతుంది. మాత్ర మొదలైన ఆడమనిషికి డబ్బా అయిపోయేలోపు కొత్త డబ్బా ఊళ్ళోనే అందాలి. వాగు పొంగి నెల రోజులు మాత్ర ఆగితే ఆమె మళ్ళీ మొదటికొస్తుంది. మితానిన్ సంచిలో ఆ ఉప్పు పరీక్ష సీసా ఎప్పుడూ ఖాళీ కాకూడదు. ప్యాకెట్ ఉప్పును మూతున్న డబ్బాలో పోసి, కూర దించే ముందు వేసుకోమని చెప్పడానికి కోయలో, దోర్లీలో, గోండిలో మాట్లాడే మనిషి కావాలి.

ఇవన్నీ ప్రభుత్వం చెయ్యాల్సినవి. మనం చెయ్యాల్సింది ఒకటుంది, దానికి బడ్జెట్ అక్కర్లేదు. కోంటాలోనే కాదు, మన హైదరాబాద్ ఫ్లాట్లలో, భీమవరం ఇళ్ళలో కూడా నిన్నటిదాకా చురుగ్గా తిరిగిన మనిషి ఉన్నట్టుండి మందగిస్తే, మరిచిపోతుంటే, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆమె గుణానికి పేరు పెట్టే ముందు ఆమె గొంతు చూడండి, రక్తం పరీక్ష చేయించండి. పరీక్షలో ఏమీ లేదని తేలినా నష్టం లేదు. ఆమె చెప్పేది నమ్మి వెంట వెళ్ళారన్న ధైర్యమైనా ఆమెకు దక్కుతుంది. తేలితే మాత్రం, తన తలకాయ చెడిపోయిందని ఏళ్ళ తరబడి తనను తాను తిట్టుకున్న మనిషికి ఆ తప్పు తనది కాదని మీరే ముందు చెప్పగలుగుతారు.